గుడ్డుకి కింది పక్క

పంజాగుట్టలో మేము సరుకులు కొనే దుకాణంలో గోధుమరంగు గుడ్లు ఆరేసి చొప్పున అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతారు. పెట్టె మీద పచ్చిక బయలు, దాని మధ్యలో నవ్వుతున్న కోడి. కోడి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, అందులోనూ గుడ్డు పెట్టే కోడి. మొన్న అలాంటి పెట్టె ఒకటి తెరిచి, ఒక్కో గుడ్డూ తీసి, తిప్పి, కింది పక్క చూసి మళ్ళీ పెడుతున్నాను. నాలుగో గుడ్డు దగ్గర అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చింది.

"ఏమైంది మేడమ్, పగిలినయా?"

"లేదమ్మా. కింది పక్క చూస్తున్నా."

"కింద ఏముంటది మేడమ్?"

"ఏమీ లేదు. లేదనే చూస్తున్నా."

మర్యాద తెలిసిన అమ్మాయి. పక్క వరుసలోకి వెళ్ళి సబ్బులు సర్దుతూ నా మీద ఒక కన్నేసి ఉంచింది. ఆమె తప్పేమీ లేదు. గుడ్డుకి పై పక్క, కింది పక్క వేరని నమ్మే మనుషుల్లో ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలినట్టున్నాను. రెండో మనిషి ఉండేవారు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

అప్పుడు మేము అమీర్‌పేటకీ మధురానగర్‌కీ మధ్య ఒక పెంకుటింట్లో, వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్న ఉద్యోగం పేరు చెప్పి కోస్తా నుంచి వచ్చి, వచ్చిన రోజు నుంచీ ఈ ఊరి నీళ్ళని తిట్టుకుంటూ, ఈ ఊరి చాయ్‌ని పొగుడుకుంటూ బతికే కుటుంబం. ముందు వాటాలో ఇంటి యజమానురాలు. ఆసుపత్రిలో పురిటి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. వీధి వీధంతా ఆవిడని సిస్టరమ్మ అనేది. మా అమ్మ మాత్రం 'సిస్టరమ్మగారు' అనేది. గారు తగిలించకుండా అమ్మ కుక్కని కూడా పిలవలేదు.

రెండు వాటాలకీ కలిపి ఒక పెరడు. జామచెట్టు, కరివేపాకు, బట్టలుతికే బండ, ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. పొద్దున్నే తడిసిన తౌడు వాసన, చలి ఉన్న రోజుల్లో దాంట్లో కలిసిపోయిన కిరసనాయిలు పొయ్యి వాసన. ఆ పొయ్యి మాది. వంటింట్లో గుడ్డు వండటానికి అమ్మ ఒప్పుకోలేదు. నాన్నకి ఆమ్లెట్టు కావాలంటే వరండాలో విడి పొయ్యి, విడి పెనం, విడి అట్లకాడ. నాన్న పంచె ఎగ్గట్టి, ఉల్లిపాయలు కన్నీళ్ళతో తరిగి, పచ్చిమిరపకాయలు లెక్కలేకుండా వేసి, ఆ పెనం ముందు కూర్చుంటే ఏదో యాగం చేస్తున్నట్టుండేది. అమ్మ కిటికీలోంచి, "ఏమండీ, కాస్త కొత్తిమీర వేసుకోండి" అనేది. వేర్వేరు మతాల మధ్య సామరస్యం అంటే నాకు ఇప్పటికీ ఆ కొత్తిమీరే గుర్తొస్తుంది.

సిస్టరమ్మ కోళ్ళని పెంచేది గుడ్ల కోసం కాదు, మాంసం కోసం కాదు. రంగు కోసం.

ఆవిడ భర్త మిషన్ హాస్టల్లో వార్డెనుగా చేసేవారట. అక్కడి దొరలు సామాను సర్దుకుని వెళ్ళిపోతూ తమ కోళ్ళలో నాలుగింటిని ఆయనకి ఇచ్చారు. ఆ కోళ్ళ గుడ్లు ముదురు గోధుమరంగులో ఉండేవట, చూసినవాళ్ళు ఇది గుడ్డా, ఎవరైనా చెక్కిందా అని అడిగేంత. తర్వాత ఆ కోళ్ళు వీధిలోని కోళ్ళతో కలిసిపోయాయి, రంగు కూడా తరానికి ఇంత చొప్పున పలచబడిపోయింది. రంగు పూర్తిగా పోకముందే ఆయన పోయారు. పోయే ముందు మంచి గుడ్డు ఒకటి ఎంచి, రెండు చివరలా సూదితో పొడిచి, సిరంజితో లోపలిది తీసేసి, పెంకుని దాచారు. ముందుగదిలో అద్దాల షోకేసు, అందులో ఆసుపత్రి ఎనామెల్ ట్రే, ట్రేలో దూది, దూదిలో పడుకుని ఆ గుడ్డు. కిటికీ తూర్పు వైపు. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడేది. చూడటానికి మా అమ్మ దేవుడి గూట్లో దీపంలా ఉండేది గానీ, ఆ మాట అమ్మ దగ్గరా అనకూడదు, సిస్టరమ్మ దగ్గరా అనకూడదు.

ఆ రంగుని మళ్ళీ కోళ్ళలోకి తీసుకురావడం సిస్టరమ్మ పెట్టుకున్న పని. నన్ను అందులోకి తీసుకున్నది నా కళ్ళ కోసం. ఆవిడకి శుక్లాలు మొదలయ్యాయి.

పద్ధతి ఇదీ. ఒక్కో పెట్ట కాలికి ఒక్కో రంగు దారం. కోళ్ళకి పేర్లు లేవు. "పేరు పెడ్తే ఇయ్యబుద్ధి కాదు బిడ్డా" అనేవారు. పొద్దున్నే ఒక్కోదాన్ని చంకలో ఇరికించుకుని, వేలితో చూసి, ఇవాళ పెడుతుందో లేదో చెప్పేవారు. పెట్టేదాన్ని గంప కింద మూసేవారు. లోపల అది గొణుగుతుంటే, "అయిపోయింది బిడ్డా, అయిపోయింది, ఇంక జరంతే" అని వార్డులో అన్నట్టే అనేవారు. గుడ్డు రాగానే నేను పెన్సిలుతో దాని మీద దారం రంగు రాయాలి. వెంటనే చూడకూడదు. తడి మీద ప్రతి గుడ్డూ ముదురుగానే కనిపిస్తుంది. పదిగంటలకి, ఎండ వరండా దాటి వెళ్ళాక, తెల్ల దిండుగలీబు పరిచి దాని మీద వరసగా పేర్చి, అప్పుడు చూడాలి.

రంగులకి మాకో కొలత ఉండేది. పాల చాయ్, కడక్ చాయ్, కొత్త బెల్లం, పాత బెల్లం. చివరిది చింతగింజ. చింతగింజ దాకా ఏ కోడీ రాలేదు. షోకేసులో ఉన్నది కూడా పాత బెల్లమే.

కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట మొదటి పది గుడ్లు లెక్కలోకి రావు. అవి ఎప్పుడూ ముదురుగా ఉంటాయి. "గది కొత్త కోడలి మొదటి నెల వంట. చూసి మోసపోవద్దు" అనేవారు సిస్టరమ్మ. ఎండాకాలం గుడ్లూ లెక్కలోకి రావు, వేడికి అన్నీ వెలిసిపోతాయి. ఇక పుంజు సంగతి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పుంజు గుడ్డు పెట్టదు కదా సిస్టరమ్మా. మరి దాన్నెట్లా ఎంచుతారు?"

"అది ఏ గుడ్డులకెల్లి వచ్చిందో, గా గుడ్డును చూసి."

"అది వచ్చాక గుడ్డు పగిలిపోతుంది కదా."

"పెంకు దాస్త." అని బీరువా తెరిచి చూపించారు. అగ్గిపెట్టెల్లో, దూదిలో, పగిలిన పెంకు ముక్కలు, ప్రతి పెట్టె మీదా తేదీ. ఆ పుంజు తల్లి, తల్లి తల్లి, అందరూ అక్కడే. తర్వాత నాకు పెళ్ళి సంబంధాలు చూసినప్పుడు ఇందులో సగం శ్రద్ధ కూడా ఎవరూ చూపించలేదు. ఫిర్యాదు చేయడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఎంపికలో నిలవని కోళ్ళని ఆవిడ కోసేవారు కాదు. చర్చిలో కోత పండుగకి ఇచ్చేసేవారు. అక్కడ గుమ్మడికాయలతో, అరటిగెలలతో పాటు కోళ్ళనీ వేలం వేస్తారు. సిస్టరమ్మ కోడి అంటే సిస్టరమ్మ వద్దనుకున్న కోడి అని సంఘంలో అందరికీ తెలుసు. అయినా పోటీ పడి పాడేవాళ్ళు. ఆవిడ పనికిరాదన్నది కూడా మిగతావాళ్ళ కోళ్ళ కంటే నయం అన్న నమ్మకం.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం ఆవిడ తమ్ముడి రూపంలో ప్రతి ఆదివారం స్కూటరు మీద వచ్చేది. చర్చి అయ్యాక, చేతిలో బైబిలు, బైబిలు కింద ఫైలు. ఫైల్లో మా ఇంటి స్థలంలో కట్టబోయే నాలుగంతస్తుల మేడ పటం. ఆయన్ని నేను మామయ్యగారూ అనేదాన్ని. చెడ్డమనిషి కాదు. చుట్టూ అందరూ కట్టేస్తుంటే మనం కోళ్ళు మేపుకుంటున్నామేమిటని ఆయన బాధ.

"అక్కా, ఇంకెన్ని దినాలే?"

"చెప్పిన గద తమ్మీ. మీ బావ గుడ్డు రంగు వచ్చిన్నాడు సంతకం పెడ్త."

'మీ బావ గుడ్డు' అని వాళ్ళిద్దరూ నవ్వకుండా అనగలిగేవారు. నేను జామచెట్టు వెనక్కి వెళ్ళి నవ్వి వచ్చేదాన్ని. ఆయనకి ఒకటే అనుమానం. రంగు వచ్చినా అక్క రాలేదంటే ఎవరు తేల్చాలి? అందుకని తీర్పరిగా నన్నే ఒప్పుకున్నారు. "పోరి కండ్లు మంచిగున్నయ్. గీ పోరి వచ్చిందంటే వచ్చినట్టు." అక్కాతమ్ముళ్ళిద్దరూ తలూపారు. నాకు పదేళ్ళు. అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఏ కుటుంబమూ నాకు అంత అధికారం ఇవ్వలేదు.

ఆ ఏడు చలికాలం రాగానే నీలందారం పెట్ట గుడ్లకొచ్చింది. మొదటి పదీ వదిలేశాం. ఇరవై అయ్యాయి, రంగు తగ్గలేదు. ముప్ఫై అయ్యాయి. ఒక శనివారం పొద్దున పదిగంటలకి దాని గుడ్డుని షోకేసు దగ్గరికి తీసుకెళ్ళి, అద్దం పక్కకి జరిపి, ట్రే పక్కన పట్టుకున్నాను. రెండూ పాత బెల్లం. ఏది లోపలిదో ఏది బయటిదో పెన్సిలు గీత లేకపోతే చెప్పలేం.

సిస్టరమ్మ నా భుజం మీదుగా చూశారు. ఆవిడకి ఎంత కనబడిందో తెలీదు, నా భుజం మీద చెయ్యి మాత్రం కాసేపు అలాగే ఉంది.

"రేపు మామయ్య వస్తడు. చూసింది చూసినట్టు చెప్పు బిడ్డా."

సంతోషంగా అన్నారనే అనుకున్నాను. అన్నాక వెళ్ళి పెరట్లో బండ మీద కూర్చున్నారు. కోళ్ళు చుట్టూ తిరిగాయి. ఆవిడ తౌడు కలపడం మర్చిపోయారు.

మా ఇంట్లో అమ్మకి విషయం చెప్పాను. అమ్మ అటక మీదకి చూసింది. ఇల్లు మారడమంటే అమ్మకి ముందు అటక గుర్తొస్తుంది. "ఏమండీ, ఇక్కడైతే పెరడుంది, వరండా ఉంది. మీ పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారు?" అంది. నాన్న పేపరు దించలేదు గానీ, పేజీ తిప్పడం మానేశారు.

మధ్యాహ్నం సిస్టరమ్మ చర్చిలో స్త్రీల సమాజం కూటానికి వెళ్ళారు. నేను ముందుగదిలోకి వెళ్ళాను. ఎండ కిటికీ మారిపోయింది కదా, ఈ వెలుతురులో తేడా కనబడుతుందేమోనని. కనబడలేదు. అద్దం జరిపి, ఎవరూ ఎప్పుడూ ముట్టుకోని ఆ గుడ్డుని రెండు వేళ్ళతో పట్టుకున్నాను. దూది దానికి అంటుకుపోయి ఉంది. చిన్న చప్పుడుతో విడిపోయింది. బరువే లేదు. ఊపిరి పట్టుకున్నట్టుంది.

తిప్పి చూశాను. కింది పక్క వేరే గుడ్డు.

చింతగింజ. నానబెట్టిన చింతగింజ పొట్టు రంగు, నిగనిగలాడుతూ. పై పక్కకీ కింది పక్కకీ మధ్య దూది అంచు ఉన్నచోట, పాత బెల్లం మెల్లగా చీకటిలోకి దిగిపోతున్నట్టు, ఒక గీత. ఎండ పడ్డంతమేరా వెలిసిపోయింది. పడనిచోట ఆయన దాచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గుడ్డు పెంకు రంగు ఎండకి వెలుస్తుందని తర్వాత కాలేజీలో చదువుకున్నాను. ఆ మధ్యాహ్నం మాత్రం, ఆ గదిలో నిలబడి, నేను ఏదో చూడకూడనిది చూశానని, ఎవరో నిద్రలో పక్కకి తిరిగారని అనిపించింది.

గేటు చప్పుడైంది. గుడ్డు ట్రేలో పెట్టేసి, అద్దం మూసి, పెరటి దారిన పరుగెత్తాను. ఏ పక్క పైకి పెట్టానో చూసుకోలేదు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఈ విషయంలో నా వాంగ్మూలం ఇప్పటికీ నిలకడగా ఉండదు.

ఆదివారం. మామయ్యగారు ఇస్త్రీ చొక్కాలో, ఫైలుతో, కొత్త పెన్నుతో వచ్చారు. వంటింట్లో మసాలా వేగుతున్న వాసన. సిస్టరమ్మ చర్చి చీర మార్చలేదు. నేను నీలందారం గుడ్డు పట్టుకుని షోకేసు ముందుకి వెళ్ళాను. ట్రేలో చింతగింజ. నా చేతిలోది దాని పక్కన జ్వరం వచ్చి లేచిన పిల్లలా ఉంది.

"రాలేదు" అన్నాను. నేను చూసింది చూసినట్టే చెప్పాను.

మామయ్యగారు ముందు నన్ను చూశారు, తర్వాత గుడ్డుని, చివరికి అక్కని.

"నిన్న ఫోను చేసి వచ్చిందంటివి గదనే అక్కా. రాత్రికి రాత్రి గుడ్డు మార్చినవా ఏంది?"

"మార్చనీకి నాకు ఇంకో మొగుడున్నడా?" అన్నారు సిస్టరమ్మ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అద్దం జరిపి ఆవిడే గుడ్డుని తీశారు. ముక్కు దగ్గరగా పెట్టుకున్నారు. పురిట్లో బిడ్డని తిప్పి చూసే నేర్పుతో నెమ్మదిగా తిప్పారు. పాత బెల్లం. మళ్ళీ తిప్పారు. చింతగింజ. ఒకసారి కిటికీ వైపు చూశారు. వంటింట్లో ఏదో మాడుతున్నా ఎవరూ కదల్లేదు.

"నేను వీటిని ఆయన దిక్కు తీస్కపోతున్న అనుకున్న తమ్మీ" అన్నారు చివరికి. "గిన్నేండ్ల సంది ఆయనే మెల్లగ మా దిక్కు వస్తుండు."

మామయ్యగారు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, "మరి ఎటు దిక్కు లెక్క? పై దిక్కు సూస్తే వచ్చినట్టే గద" అన్నారు. అన్యాయమైన ప్రశ్న కాదు.

"పోరిని అడుగు. నువ్వే పెట్టినవ్ గద తీర్పుకు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పై పక్క అంటే సంతకం. పెరడు, బండ, నాన్న పొయ్యి, గంప కింద గొణుగుడు అన్నీ ఆ ఫైల్లోకి వెళ్ళిపోతాయి. కింది పక్క అంటే ఆవిడ ఇన్నేళ్ళు చేసిందంతా చాల్లేదని నా నోటితో చెప్పడం. పదేళ్ళకి ఇది కొంచెం పెద్ద కేసు. ఆవిడ ముఖం చూశాను. తౌడు కలపడం మర్చిపోయిన నిన్నటి ముఖం కాదు.

"కింది పక్కే లెక్క" అన్నాను. "మామయ్యగారి బావగారు చూసి దాచింది ఆ రంగే కదా."

మామయ్యగారు ఫైలు మూసేశారు. పెన్ను జేబులో పెట్టుకున్నారు. చెడ్డమనిషి కాదని ముందే చెప్పాను. మాడిన కూర పారేయనివ్వకుండా, రెండుసార్లు వడ్డించుకుని, భోంచేసే వెళ్ళారు.

ఆ సాయంత్రమే ట్రే కిటికీ దగ్గర్నుంచి బీరువాలోకి మారింది, పైన పాత గొడుగు గుడ్డ కప్పుకుని. నిన్నటిదాకా గెలిచిన నీలందారం మళ్ళీ మామూలు కోడి అయింది. దానికేమీ తెలియలేదు, మర్నాడు ఇంకో గుడ్డు పెట్టింది. సిస్టరమ్మ పొద్దున్నే గంపలు దులుపుతూ ఏదో కీర్తన పాడుకుంటున్నారు. అంతకుముందు ఆవిడ పాడగా నేను వినలేదు. బాగా పాడేవారు కాదు.

ఇంకో నాలుగేళ్ళు ఆ పెరడు ఉంది. రంగు వెంట్రుకవాసి చొప్పున కదిలింది, ఒక్కోసారి వెనక్కి కూడా. ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళు వంగడం మానేశాయి. వంగకుండా కోళ్ళని ఎంచలేం. రంగు రాకుండానే, నన్ను అడక్కుండానే, ఒక మామూలు బుధవారం సంతకం పెట్టారు. తమ్ముడింటికి వెళ్ళిపోయారు. ఆ ఏడు కోత పండుగలో ఎంచినవీ ఎంచనివీ అన్నీ వేలానికి వెళ్ళాయట. ఎవరింటి కూరలో ఎన్ని తరాల రంగు కలిసిపోయిందో దేవుడికే తెలియాలి.

వెళ్ళేరోజు నన్ను పిలిచి, ఇంజెక్షన్ల అట్టపెట్టె ఒకటి చేతిలో పెట్టారు. లోపల దూది, దూదిలో ఆ గుడ్డు.

"ఎండ తగలనియ్యకు."

"సరే సిస్టరమ్మా."

"దూది సుత ఈసారి జర సాపుగ పెట్టు. ఆనాడు అంతా పీకి పీకి పెట్టినవ్."

అని ఆటో ఎక్కారు. నేను గేటు పట్టుకుని, పద్నాలుగేళ్ళ వయసులో ఒక మనిషికి సిగ్గు ఎంతవరకు వేయగలదో అంతవరకు సిగ్గుపడుతూ నిలబడ్డాను. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నవ్వారనే అనుకుంటాను.

ఇప్పుడు ఆ స్థలంలో హాస్టలు ఉంది. మైత్రీవనంలో కోచింగుకి వచ్చే పిల్లలు గదికి నలుగురు చొప్పున ఉంటారు. జామచెట్టు ఉన్నచోట బైకులు. ఎప్పుడైనా అటు వెళ్తే, మూడో అంతస్తు బాల్కనీలో ఆరేసిన దిండుగలీబులు చూస్తాను. సరిగ్గా పదిగంటలకి ఎండ ఆ బాల్కనీ దాటి వెళ్ళిపోతుంది. ఎండకి పాత అలవాట్లు పోలేదు.

మొన్న దుకాణంలో ఆ ఆరు గుడ్లూ కొన్నాను. కొనకపోతే ఆ అమ్మాయి సబ్బులు సర్దడం ఆపేలా లేదు. మర్నాడు పదిగంటలకి బాల్కనీలో తెల్ల దిండుగలీబు పరిచి, వాటిని వరసగా పేర్చి, బీరువాలోంచి అట్టపెట్టె తీసి, దూది సాపుగా పక్కకి జరిపాను. మా ఆయన పేపరు మీదుగా చూశారు. ఏళ్ళ తరబడి చూస్తున్నారు కాబట్టి ఏమిటని అడగరు.

"వచ్చిందా?"

కొత్త బెల్లం కూడా కాదు. కడక్ చాయ్, అదీ పాలు ఎక్కువైనది.

"రాలేదు."

ఆయన పేపర్లోకి వెళ్ళిపోయారు. నేను గుడ్డుని మళ్ళీ చీకట్లో పెట్టి, పొయ్యి వెలిగించి, పచ్చిమిరపకాయలు తరుగుతూ కూర్చున్నాను. తీర్పరిని నేనే కాబట్టి ఒక మాట చెప్పే హక్కు నాకుంది. సంతకం సంగతి నాకు తెలియదు, నన్నెవరూ అడగలేదు. ఒప్పందం ప్రకారం రంగు వచ్చిన రోజునే ఇల్లు అప్పగించాలి. రంగు ఇంకా రాలేదు. అంటే, నా లెక్కలో, ఆ ఇంటిని మేమింకా ఎవరికీ అప్పగించలేదు.